ట్రాక్టర్ ట్రక్కుతో బరువులు తోలేటప్పుడు రైతులు పాటించవలసిన జాగ్రత్తలు

ట్రాక్టర్ ఉన్న చాలామంది రైతులకు దుక్కి, దమ్ము పనులు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటాయి. మిగిలిన రోజుల్లో ట్రాక్టర్ ఎక్కువగా ట్రక్కు తగిలించుకునే తిరుగుతుంది. పశువుల ఎరువు పొలానికి తోలడం, ధాన్యం కొనుగోలు కేంద్రానికి చేర్చడం, చెరకు ఫ్యాక్టరీకి, పత్తి మిల్లుకు, మిర్చి యార్డుకు తీసుకెళ్లడం, వరిగడ్డి ఇంటికి తెచ్చుకోవడం, ఇంటి పనికి ఇసుక, ఇటుక తోలుకోవడం అన్నీ దీనితోనే. కొన్ని ప్రాంతాల్లో దీన్ని ట్రాలీ అని, మరికొన్ని చోట్ల తొట్టి, డబ్బా అని అంటారు. ఈ వ్యాసంలో ట్రక్కు అనే మాటనే వాడుతున్నాం.

దున్నేటప్పుడు జరిగే ప్రమాదాల కంటే ట్రక్కుతో రోడ్డు మీద జరిగే ప్రమాదాల్లో ప్రాణనష్టం ఎక్కువ మందికి తగులుతుంది. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో, అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు కాలవల్లో పడిపోయాయి. రెండు చోట్లా చనిపోయిన వారిలో ఎక్కువమంది పొలం పనికి బయల్దేరిన మహిళలే. బరువు గురించి, బ్రేకు గురించి, గట్ల మీద నడపడం గురించి ముందే తెలుసుకుంటే ఇలాంటివి చాలావరకు తప్పించవచ్చు.

లాగే శక్తి వేరు, ఆపే శక్తి వేరు

45 హెచ్.పి. ట్రాక్టర్ చదునైన రోడ్డు మీద చిన్న గేరులో ఆరేడు టన్నులు కూడా లాగేస్తుంది. దాంతో "మన బండి లాగుతోంది కదా" అని మరో పది బస్తాలు వేస్తాం. ఇబ్బంది లాగేటప్పుడు కాదు, ఆపేటప్పుడు వస్తుంది. ఈ తరగతి ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. దాని బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. మన దగ్గర తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు, లేదా ఉన్నా పని చేయదు. అంటే 2 టన్నుల ట్రాక్టర్ బ్రేకు మీదే మొత్తం లోడు ఆగాలి.

ఒక లెక్క చూద్దాం. పొడి రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్తున్న ఒంటి ట్రాక్టర్ బ్రేకు పట్టిన తరువాత సుమారు 3 మీటర్లలో ఆగుతుంది అనుకుందాం. దానికి బ్రేకు లేని ట్రక్కు తగిలించి, లోడుతో కలిపి మొత్తం బరువు 8 టన్నులు అయితే అదే బ్రేకు నాలుగు రెట్ల బరువును ఆపాలి. అప్పుడు 12 మీటర్లు కావాలి. వేగం 30 కి.మీ. అయితే సుమారు 27 మీటర్లు కావాలి. ఎదురుగా ఏదో వచ్చిందని చూసి కాలు బ్రేకు మీద పెట్టేసరికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో 30 కి.మీ. వేగం మీద బండి ఇంకో 8 మీటర్లు ముందుకు పోతుంది. మొత్తం 35 మీటర్లు. రోడ్డు మీదికి పిల్లవాడో గేదో వస్తే అంత దూరం మనకు దొరకదు.

పల్లంలో ఈ లెక్క ఇంకా మారుతుంది. 20 అడుగులకు 1 అడుగు దిగే వాలు చూడటానికి పెద్దగా కనిపించదు. కానీ 8 టన్నుల బండిని ఆ వాలు 400 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. 12 మీటర్లలో ఆగవలసింది 20 మీటర్లకు వెళ్తుంది. తడి రోడ్డు, బురద, కంకర మీద ఇంకా ఎక్కువ.

కాబట్టి లోడు నిర్ణయించేటప్పుడు "ఎంత లాగుతుంది" అని కాకుండా "ఎంత ఆపగలను" అని చూసుకోవాలి.

ఎంత లోడు వేయవచ్చు?

ట్రాక్టర్‌కు ఉన్నట్లే ట్రక్కుకు కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పుస్తకంలో లేదా కార్డులో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బరువు, లోడుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. రెండోదానిలో నుంచి మొదటిది తీసేస్తే మనం వేయదగిన లోడు వస్తుంది.

ఉదాహరణకు మొత్తం బరువు 5,000 కిలోలు, ఖాళీ బరువు 1,400 కిలోలు అయితే లోడు 3,600 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలైతే 48, 40 కిలోల బస్తాలైతే 90.

ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకంలో అది లాగదగిన బరువు ఎంతో కూడా రాసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ అంకె, ఈ అంకె రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని పాటించాలి. బ్రేకు ఉన్న ట్రక్కుకు, బ్రేకు లేని ట్రక్కుకు వేర్వేరు పరిమితులు ఇచ్చి ఉంటే మన ట్రక్కు ఏ రకమో చూసుకుని దాని అంకె తీసుకోవాలి.

బస్తాలు లేని సరుకుకు తూకం తెలియదు. అప్పుడు కొలత మీద అంచనా వేసుకోవచ్చు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్రక్కు అంచుల వరకు నిండితే 120 ఘనపుటడుగులు. అందులో పట్టే సరుకు బరువు సుమారుగా:

- వడ్లు (విడిగా పోస్తే): 2 టన్నులు
- మొక్కజొన్న గింజలు: 2.4 టన్నులు
- పశువుల ఎరువు: 2 నుంచి 3 టన్నులు, తడిని బట్టి
- మట్టి: 4.8 టన్నులు
- పొడి ఇసుక: 5.4 టన్నులు
- తడి ఇసుక: 6.5 టన్నులు

వడ్లతో అంచు దాకా నింపినా సరిపోయే ట్రక్కులో తడి ఇసుక అంచు దాకా నింపితే బరువు మూడు రెట్లు దాటుతుంది. ట్రక్కు నిండలేదు కాబట్టి లోడు తక్కువ అనుకోకూడదు. ఇసుక, మట్టి, కంకర, ఇటుక తోలేటప్పుడు సగం, లేదా అంతకంటే తక్కువ నింపాలి. దగ్గరలో వేబ్రిడ్జి ఉంటే ఒక్కసారి తూకం వేయించి, ఆ సరుకుకు ఎంత ఎత్తు వరకు నింపితే మన పరిమితి వస్తుందో ట్రక్కు లోపలి వైపు రంగుతో గీత పెట్టుకోండి. తరువాత ప్రతిసారీ అంచనా వేసుకోనక్కర లేదు.

బరువు ఎక్కడ పడుతోంది?

ఎంత బరువు అనేదానితో పాటు ట్రక్కులో ఏ చోట బరువు ఉందన్నదీ ముఖ్యమే. ఇది ట్రక్కు రకాన్ని బట్టి మారుతుంది.

నాలుగు చక్రాల ట్రక్కు (రెండు ఇరుసులు): ముందు ఇరుసు, వెనుక ఇరుసు కలిసి లోడు మొత్తం మోస్తాయి. ట్రాక్టర్ హుక్కు మీద బరువు దాదాపు పడదు. అందువల్ల ట్రాక్టర్ ముందు చక్రాలు లేవవు. అయితే వెనుక చక్రాలకు అదనపు పట్టు కూడా రాదు కాబట్టి బురదలో త్వరగా జారుతుంది. వెనక్కి నడపడం కూడా కష్టం.

రెండు చక్రాల ట్రక్కు (ఒకే ఇరుసు): లోడులో కొంత భాగం ట్రాక్టర్ హుక్కు మీద పడుతుంది. సరిగా పడితే వెనుక చక్రాలకు పట్టు పెరిగి లాగడం తేలికవుతుంది. తప్పుగా పడితే అదే ప్రమాదం.

ఈ రెండో రకానికి ఒక లెక్క. ఇరుసు నుంచి హుక్కు వరకు 3 మీటర్లు ఉందనుకుందాం. 4 టన్నుల లోడు నడిమి బరువు ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుగా ఉంటే హుక్కు మీద 400 కిలోలు పడుతుంది. అంటే లోడులో పదో వంతు. ఇది మంచిదే. అదే లోడు 60 సెంటీమీటర్లు ముందుకు జరిగితే హుక్కు మీద 800 కిలోలు. హుక్కు ట్రాక్టర్ వెనుక ఇరుసుకు బయట ఉంటుంది కాబట్టి వెనుక దిగిన బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది. ఆ 800 కిలోలు ముందు చక్రాల మీద ఉండే బరువులో 300 కిలోలకు పైగా తగ్గించేస్తుంది. స్టీరింగ్ తేలికగా తిరుగుతున్నట్లు అనిపిస్తుంది కానీ బండి మాట వినదు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు పూర్తిగా లేచిపోవచ్చు.

లోడు ఇరుసుకు వెనక్కి జరిగితే దీనికి వ్యతిరేకం. 30 సెంటీమీటర్లు వెనక్కి ఉంటే హుక్కును 400 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. ట్రాక్టర్ వెనుక చక్రాలకు పట్టు పోతుంది, బ్రేకు పట్టినా జారుతుంది. ట్రక్కు వెనుక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది.

అమెరికాలో రైతులు పెద్ద డీజిల్ పికప్‌లకు గూస్‌నెక్ ట్రైలర్లు తగిలించి పశువులను, గడ్డిమోపులను తీసుకెళ్లే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. బాతు మెడలా వంగిన దూలం పికప్ తొట్టి లోపలికి వచ్చి, వెనుక ఇరుసుకు సరిగ్గా పైన లేదా కొంచెం ముందుగా ఉన్న గుండుకు తగులుతుంది. అందుకే అంత బరువు పడినా ముందు చక్రాలు లేవవు. మన ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలేది ఇరుసు వెనుక. ఆ బండి మోసినట్లు ఇది మోయలేదు. పైగా ఆ ట్రైలర్లకు సొంత బ్రేకులు ఉంటాయి. కాబట్టి ఆ లోడులు చూసి మన బండికి పోల్చుకోకూడదు.

లోడు పేర్చే పద్ధతి:

- రెండు చక్రాల ట్రక్కులో ముందు ఇరుసు మీద, తరువాత దానికి ముందు, చివరికి వెనుక భాగంలో బస్తాలు పేర్చాలి. సగం కంటే కొంచెం ఎక్కువ బరువు ఇరుసుకు ముందు ఉండాలి.
- బరువైనవి అడుగున, తేలికవి పైన.
- కుడి, ఎడమ వైపులు సమానంగా ఉండాలి. ఒక వైపు వాలిన ట్రక్కు మలుపులో ఆ వైపుకే పడుతుంది.
- పక్క తలుపుల కంటే పైకి పేర్చిన బస్తాలను తాడుతో అడ్డంగా, నిలువుగా కట్టాలి. అర కిలోమీటరు వెళ్లాక ఆగి తాడు మరోసారి బిగించాలి. లోడు సర్దుకుని తాడు వదులవుతుంది.
- దించేటప్పుడు వెనుక నుంచి దించాలి. ముందు భాగం ఖాళీ చేసి వెనుక లోడు ఉంచితే ట్రక్కు ముందు దూలం ఒక్కసారిగా పైకి లేస్తుంది.

హుక్కు, పిన్ను, గొలుసు

ట్రక్కు ఊడిపోయిన ప్రమాదాలకు కారణం సాధారణంగా పిన్నే. కింది విషయాలు గమనించండి.

- ట్రక్కును ట్రాక్టర్ కంపెనీ ఇచ్చిన హుక్కు లేదా డ్రాబార్‌కే తగిలించాలి. వెనుక ఇరుసు నడిమి కంటే పైన ఎక్కడ తగిలించినా ట్రాక్టర్ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది.
- రంధ్రానికి సరిపోయే మందం ఉన్న పిన్ను వాడాలి. ఇనుప కడ్డీ ముక్క, పాత బోల్టు, గునపం ముక్క పెట్టకూడదు. పిన్ను ఎగిరిపోకుండా కింద క్లిప్పు తప్పనిసరి.
- పిన్ను, రింగు ఒక వైపు అరిగి సన్నబడితే మార్చాలి. వెల్డింగు పెట్టి నింపిన పిన్ను మీద నమ్మకం పెట్టుకోకూడదు.
- ట్రక్కు దూలానికి, ట్రాక్టర్‌కు మధ్య గట్టి గొలుసు కట్టాలి. పిన్ను విరిగినా దూలం రోడ్డులో గుచ్చుకోకుండా గొలుసు పట్టుకుంటుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు మాత్రమే ఉండాలి.
- తగిలించేటప్పుడు ట్రాక్టర్ వెనక్కి వస్తుండగా మధ్యలో ఎవరూ నిలబడకూడదు. సాయం చేసే మనిషి పక్కన నిలబడి సైగ చేయాలి. బండి పూర్తిగా ఆగి, హ్యాండ్ బ్రేకు వేశాకే లోపలికి వచ్చి పిన్ను పెట్టాలి.
- విప్పే ముందు ట్రక్కు చక్రాలకు రెండు వైపులా రాయి గానీ చెక్క గానీ అడ్డు పెట్టాలి. రెండు చక్రాల ట్రక్కుకు ముందు దూలం కింద స్టాండు దించాలి. లోడు ఉండగా విప్పకపోవడమే మంచిది.

బ్రేకులు

ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడల్స్ ఉంటాయి. పొలంలో చిన్న మలుపు తిరగడానికి ఒక్కదాన్నే తొక్కుతాం. రోడ్డు ఎక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం తప్పకుండా వేయాలి. వేయకుండా లోడుతో వేగంగా వెళ్తూ ఒక్క పెడల్ తొక్కితే ట్రాక్టర్ ఆ వైపుకు తిరుగుతుంది, వెనుక ట్రక్కు దాన్ని నెట్టి పడేస్తుంది. రెండు పెడల్స్ ఒకే ఎత్తులో, ఒకేసారి పట్టేలా మెకానిక్ చేత సరి చేయించాలి. పొలంలో వేసిన డిఫరెన్షియల్ లాక్ కూడా రోడ్డు మీదికి వచ్చే ముందు తీసేయాలి.

కొత్త ట్రక్కు చేయించుకునే వారు బ్రేకు ఉన్న ఇరుసే అడగాలి. ట్రాక్టర్ వేగం తగ్గించగానే వెనుక నుంచి వచ్చే తోపుతో దానంతట అదే పట్టే బ్రేకు ఒక రకం. ట్రాక్టర్ పెడల్ తొక్కగానే నూనె ఒత్తిడితో పట్టే బ్రేకు మరో రకం. రెండో రకానికి ట్రాక్టర్‌లో దానికి తగిన ఏర్పాటు ఉండాలి, డీలరును అడిగి తెలుసుకోండి. ఖర్చు ఎక్కువ అనిపించినా ఒక్క ప్రమాదంతో పోలిస్తే తక్కువే.

టైర్లు, గాలి, ముందు బరువులు

ట్రక్కు టైరులో ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక టైరులో గాలి తక్కువైతే ఆ వైపు ట్రక్కు వాలి, టైరు వేడెక్కి పగిలిపోతుంది. గీతలు పూర్తిగా అరిగిన టైర్లు, పక్కన చీలినవి లోడు బండికి వాడకూడదు. చక్రం నట్లు, కమాను పట్టీలు, బేరింగులు నెలకోసారి చూసుకోవాలి. ఇరుసు దగ్గర చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగులో గ్రీజు అయిపోయిందని గుర్తు.

దున్నేటప్పుడు ట్రాక్టర్ వెనుక టైర్లలో గాలి తగ్గించే అలవాటు ఉంటే ట్రక్కు తగిలించే ముందు మళ్లీ కంపెనీ చెప్పినంత పెట్టుకోవాలి. ముందు చక్రాలు తేలికవుతున్నాయని అనిపిస్తే లోడు కొంచెం వెనక్కి సర్ది, తగ్గించి, ముందు వైపు కంపెనీ ఇచ్చే ఇనుప బరువులు బిగించుకోవాలి.

నడిపేటప్పుడు

ఎత్తు ఎక్కేటప్పుడు: ఎక్కకముందే చిన్న గేరులో వేయండి. మధ్యలో గేరు మార్చాలని క్లచ్ తొక్కితే బండి ఆగి వెనక్కి జారడం మొదలవుతుంది. వెనక్కి జారే లోడు ట్రక్కును ఆపడం చాలా కష్టం.

పల్లం దిగేటప్పుడు: ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. క్లచ్ తొక్కి ఉంచినా అదే ఫలితం, ఇంజిన్ పట్టు పోతుంది. ఒకసారి వేగం అందుకున్నాక మళ్లీ గేరు పడదు. వెనుక ట్రక్కు పక్కకు తోస్తున్నట్లు అనిపిస్తే బ్రేకు కొంచెం వదిలి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, బండి సర్దుకున్నాక మెల్లగా మళ్లీ పట్టాలి.

మలుపుల్లో: వేగం రెట్టింపైతే బండిని బయటకు తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఎత్తుగా పేర్చిన గడ్డి, పత్తి, చెరకు లోడులు తక్కువ వేగంలోనే పడిపోతాయి. మలుపులోకి వచ్చాక కాకుండా మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

కాలవ గట్లు, డొంక దారులు: ట్రక్కు చక్రం ట్రాక్టర్ చక్రం వెళ్లిన దారిలో సరిగ్గా రాదు. మలుపులో లోపలి వైపుకు కోసుకుని వస్తుంది. ట్రాక్టర్ గట్టు మీద ఉన్నా ట్రక్కు చక్రం అంచు దాటవచ్చు. వానకు నానిన గట్టు అంచు పైకి గట్టిగా కనిపించినా లోడుకు కూలిపోతుంది. ఎదురుగా బండి వస్తే గట్టు అంచుకు జరగవద్దు. ఆగి, వెడల్పు ఉన్న చోట దారి ఇవ్వాలి.

బురదలో దిగబడినప్పుడు: వెనుక చక్రాలకు కర్ర దుంగ కట్టి బయటికి లాగే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది. ఇది చాలా ప్రమాదం. చక్రం తిరగలేకపోతే ఇంజిన్ బలం ట్రాక్టర్ ముందు భాగాన్నే పైకి లేపి వెనక్కి తిప్పేస్తుంది. అందుకు రెండు సెకన్లు కూడా పట్టదు, డ్రైవరు దూకే సమయం ఉండదు. లోడు కొంత దించండి. చక్రాల వెనుక మట్టి తీసి, రివర్స్‌లో బయటికి రావడానికి ప్రయత్నించండి. వేరే ట్రాక్టర్‌తో లాగవలసి వస్తే గొలుసును దాని డ్రాబార్‌కే కట్టాలి. లాగేటప్పుడు గొలుసు దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు.

కరెంటు తీగలు: గడ్డి లోడు ఎత్తుగా వేసినా, హైడ్రాలిక్ ట్రక్కును లేపినా పైన తీగలు చూసుకోవాలి. పొలాల్లో తీగలు వేలాడుతూ ఉంటాయి. ట్రక్కు లేపే చోటు చదునుగా ఉండాలి, వాలు మీద లేపితే పక్కకు పడిపోతుంది. లేపిన తొట్టి కింద మరమ్మతు చేయవలసి వస్తే గట్టి ఆధారం పెట్టాకే లోపలికి వెళ్లాలి. తీగ బండికి తగిలితే దిగకుండా కదలకుండా కూర్చుని, మిగతా వారిని దూరంగా ఉండమని చెప్పి, 1912కు ఫోన్ చేసి కరెంటు తీయించాలి. మంట వచ్చి దిగక తప్పకపోతే బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లు కలిపి దూరంగా దూకాలి. తరువాత కాళ్లు కలిపే ఉంచి చిన్న చిన్న గెంతులతో దూరం పోవాలి.

రాత్రిపూట, రోడ్డు మీద ఆగినప్పుడు

చీకట్లో ఆగి ఉన్న ట్రక్కును వెనుక నుంచి మోటారు సైకిళ్లు, కార్లు గుద్దడం తరచుగా జరుగుతోంది. దుమ్ము పట్టిన ట్రక్కుకు దీపం లేకపోతే దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు మెరిసే టేపు అంటించండి. ప్రతి లోడుకు ముందు గుడ్డతో తుడవండి. గడ్డి, చెరకు వెనుకకు వేలాడి టేపును, దీపాలను కప్పేస్తుంటే వేలాడే లోడు చివరకు ఎరుపు దీపం కట్టాలి.

బండి ఆగిపోతే వీలైనంత రోడ్డు దింపి పెట్టాలి. వెనుక 50 మీటర్లకు తగ్గకుండా మెరిసే త్రికోణం బోర్డు పెట్టాలి. చుట్టూ రాళ్లు పేర్చి, బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి వెళ్లడం వల్ల తరువాత వచ్చే వారి ప్రాణాలు పోతున్నాయి. రాళ్లు పెట్టవలసి వస్తే బయల్దేరే ముందు అన్నీ తీసేయాలి.

కాగితాలు, బీమా

- ట్రాక్టర్‌కు, ట్రక్కుకు రెండింటికీ రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. బీమా కాగితంలో ట్రక్కు నంబరు కూడా ఉందో లేదో చూసుకోండి. ట్రాక్టర్ నంబరు ఒక్కటే ఉంటే ట్రక్కు వల్ల జరిగిన నష్టానికి పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి.
- వ్యవసాయ అవసరాలకు అని తీసుకున్న బీమాతో కిరాయికి ఇసుక, ఇటుక తోలితే ప్రమాదం జరిగినప్పుడు కంపెనీ అభ్యంతరం చెబుతుంది. కిరాయికి తోలే వారు ఆ సంగతి ముందే చెప్పి తగిన పాలసీ తీసుకోవాలి.
- ట్రాక్టర్ నడిపే వారికి లైసెన్సు ఉండాలి. ఇంట్లో చిన్న పిల్లలకు బండి ఇవ్వకూడదు.
- మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పరిమితికి మించిన లోడుకు 20,000 రూపాయలు, దానికి అదనంగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. అదనపు లోడును అక్కడే దింపమని కూడా చెప్పవచ్చు. మన రాష్ట్రంలో అమలు వివరాలు రవాణా శాఖ కార్యాలయంలో తెలుసుకోండి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: కొనుగోలు కేంద్రం 6 కి.మీ. దూరం. రెండు ట్రిప్పులు వేస్తే డీజిల్ ఖర్చు రెట్టింపు కాదా?
జవాబు: ఒక ట్రిప్పుకు రానూపోనూ గంట పడితే ఈ తరగతి ట్రాక్టర్‌కు సుమారు 4 నుంచి 5 లీటర్ల డీజిల్ అవుతుంది. తక్కువ లోడుతో వెళ్తే ఒక్కో ట్రిప్పులో కొంత తగ్గుతుంది. ఎక్కువ లోడు వల్ల క్లచ్ ప్లేటు, టైరు, బేరింగు, కమాను పట్టీ ఏది పోయినా అంతకు ఎన్నో రెట్లు ఖర్చు. వాన ముసురుకుంటోందని ధాన్యం మొత్తం ఒకేసారి వేయడం కంటే టార్పాలిన్ కప్పి, పక్క రైతు బండిని కూడా పిలవడం మేలు.

ప్రశ్న: ముందు చక్రాలు లేస్తుంటే బానెట్ మీద ఇద్దరిని కూర్చోబెట్టవచ్చా?
జవాబు: వద్దు. బండి అదిరితే వాళ్లు పడేది ముందు చక్రం కిందే. ముందు చక్రాలు లేస్తున్నాయంటే హుక్కు మీద బరువు ఎక్కువైందని అర్థం. లోడు సర్దాలి, తగ్గించాలి.

ప్రశ్న: ఒక ట్రాక్టర్‌కు రెండు ట్రక్కులు ఒకదాని వెనుక ఒకటి తగిలించవచ్చా?
జవాబు: చిన్న రైతు బండికి అది తగదు. ఆపవలసిన బరువు పెరుగుతుంది కానీ బ్రేకు పెరగదు. మలుపులో వెనుక ట్రక్కు ఎక్కడికి వస్తోందో డ్రైవరుకు కనిపించదు.

ప్రశ్న: కూలీలను పొలానికి ట్రక్కులోనే తీసుకెళ్తాం. వేరే దారి ఏముంది?
జవాబు: ట్రక్కు సరుకు కోసం చేసింది. కూర్చోవడానికి, పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. తిరగబడితే మనుషులు దాని కిందే పడతారు. వారికి బీమా పరిహారం రావడం కూడా కష్టం. నాటు, కోత రోజుల్లో పక్కపక్క పొలాల రైతులు కలిసి ఆటో మాట్లాడుకుంటే ఒక్కొక్కరికి పడే ఖర్చు తక్కువే. మడ్‌గార్డు మీద, ట్రాక్టర్‌కు ట్రక్కుకు మధ్య దూలం మీద, బస్తాల లోడు పైన ఎవరినీ కూర్చోనివ్వవద్దు. పిల్లలను అసలే ఎక్కించవద్దు.

బయల్దేరే ముందు చూసుకోవలసినవి

1. పిన్ను, క్లిప్పు, గొలుసు బిగిసి ఉన్నాయా?
2. రెండు బ్రేకు పెడల్స్ కలిపే కొక్కెం వేశారా?
3. నాలుగడుగులు నడిపి బ్రేకు పట్టి చూశారా?
4. ట్రక్కు టైర్లలో గాలి, చక్రం నట్లు సరిగా ఉన్నాయా?
5. లోడు పరిమితి లోపల, ఇరుసుకు కొంచెం ముందు వైపు ఉందా? తాడు బిగించారా?
6. వెనుక దీపం వెలుగుతోందా? మెరిసే టేపు తుడిచారా?
7. ట్రక్కు మీద, మడ్‌గార్డు మీద మనుషులు ఎవరూ లేరా?
8. దారిలో పల్లాలు, గట్లు, వేలాడే తీగలు ఎక్కడ ఉన్నాయో తెలుసా?

ఈ ఎనిమిదీ చూడటానికి ఐదు నిమిషాలు చాలు. వీటిని ఒక అట్ట మీద రాసి ట్రాక్టర్ షెడ్డులో తగిలించండి. బండి జీతగాడికి గానీ కొడుక్కి గానీ ఇచ్చేటప్పుడు వారి చేత కూడా చదివించండి. ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి కింద చిక్కుకున్న మనిషిని లాగే ముందు ఇంజిన్ ఆపి, బండి ఇంకా దొర్లకుండా అడ్డు పెట్టాలి.